మడికొండా, హంటర్ రోడ్డా, భీమారమా? ఇల్లు ఎక్కడ కొనాలో తేలడం లేదు

చాక్‌పీసు
అందరికీ నమస్తే. ఇప్పుడు మేం వరంగల్ పక్కన కాజీపేటలో రైల్వే క్వార్టర్‌లో ఉంటున్నాం. మా ఆయనది లోకోషెడ్‌లో షిఫ్టు డ్యూటీ. నాది పరకాల దగ్గర సర్కారు బడి. పాప మూడో తరగతి, బాబుకు మూడేళ్లు. అత్తమ్మకు షుగర్, మోకాళ్ల నొప్పులు. పదేళ్లుగా కూడబెట్టింది, బ్యాంకు లోను, నా మెడలోవి కొన్ని కలిపితే 70 లక్షల దాకా వస్తాయి. అంతే, ఆపైన ఏమీ లేదు.

మూడు చూశాం. ఒకటి హంటర్ రోడ్డు వైపు 140 గజాల్లో పాత ఇల్లు. కొత్తగా రంగులు వేశారు, హాల్లో గోడలకు నడుము ఎత్తు దాకా టైల్స్ వేయించారు. రెండు అడుగుల్లో కిరాణం, గల్లీ చివర గుడి. అత్తమ్మ అయితే అప్పుడే తులసికోట ఎక్కడ పెట్టాలో కూడా చూసేసుకుంది. అడిగిన ధర కూడా మిగతా వాటికంటే తక్కువే. రెండోది మడికొండ దాటాక 200 గజాల ఖాళీ ప్లాటు, కట్టుకోవాలి. మూడోది భీమారంలో ఎర్రగట్టు గుట్ట దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు, రెండో అంతస్తు, లిఫ్టు ఉంది.

బ్రోకర్ రోజూ ఫోన్ చేసి "ఇంకో పార్టీ రెడీగా ఉంది మేడమ్" అంటున్నాడు. ఆ ఫోన్ మోగితేనే టెన్షన్ వస్తోంది. ఇల్లు ఎట్లుందో చూడటం మాకు వచ్చు, చుట్టుపక్కల ఎట్లుందో ఎలా చూడాలో చెప్పండి.

గజం లెక్క
మేడమ్, ఇందులో ఆలోచించేదేముంది? ప్లాటు తీసుకోండి. కట్టడం విలువ ఏటా తగ్గుతుంది, భూమి విలువ పెరుగుతుంది. మడికొండ అంటే హైదరాబాద్ హైవే. పక్కన అయోధ్యాపురంలో వ్యాగన్ల ఫ్యాక్టరీ, అటు మామునూరు ఎయిర్‌పోర్టు. ఫ్లాటు కొంటే మీకు మిగిలేది గాలిలో నాలుగు గోడలు. పాత ఇల్లు కొంటే రిపేర్లు.

ములుగు రోడ్డు బస్సు
గజం లెక్క అన్నా, ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి వచ్చింది 2025 ఫిబ్రవరిలో. అది నిజమే. కానీ మడికొండకు, మామునూరుకు మధ్య ఎంత దూరముందో మీకూ తెలుసు. మన దగ్గర బ్రోకర్లు ఊరికి ఏ దిక్కున ప్లాటు చూపించినా ఎయిర్‌పోర్టు పక్కనే అంటారు.

అక్కా, మీరు రోజూ వెళ్లే దారి ఒకసారి మనసులో గీసుకోండి. మడికొండ నుంచి కాజీపేట, ఫాతిమానగర్ బ్రిడ్జి, సుబేదారి, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఆరెపల్లి, గుడెప్పాడ్, అక్కడ తిరిగి పరకాల. అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటాలి. నేను పద్నాలుగేళ్లు ఆ వైపు బస్సులో తిరిగాను. పరకాల నుంచి ములుగు రోడ్డుకు రావడం ఒక ఎత్తు, అక్కడి నుంచి ఊళ్లో ఇంటికి చేరడం ఇంకో ఎత్తు. సాయంత్రం ఆరింటికి ఫాతిమానగర్ బ్రిడ్జి మీద స్కూటీతో ఒక్కసారి నిలబడి చూడండి, చాలు.

ఇంకో మాట. మడికొండ వెళ్తే పగలు కాదు, సాయంత్రం గాలి తిరిగాక వెళ్లండి. రాంపూర్ డంపింగ్ యార్డు ఎటు ఉంది, మీ ప్లాటు ఎటు ఉంది చూసుకోండి. చెత్త అంటుకున్న రోజు పొగ ఎటు పోతుందో ఆ ఊరి వాళ్లనే అడగండి, చెబుతారు.

ఎనుమాముల ఘాటు
వాసన మాట వచ్చింది కాబట్టి మా గోడు కూడా వినండి. మాది ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. కొన్నది ఆగస్టులో. చల్లగా, ప్రశాంతంగా ఉండె. ఫిబ్రవరి వచ్చింది, మిర్చి వచ్చింది. ఇంటిల్లిపాదీ తుమ్ములు. చుట్టాలు వస్తే ముందు తుమ్ముతారు, తర్వాత కుశలం అడుగుతారు. రాత్రంతా లారీల లైను. ఎండాకాలం అయిపోయేదాకా అంతే. రైతులు పండించిన పంట అది, దాన్ని నేను తప్పు పట్టను. ఒక్క సీజన్‌లోనే చూసి కొనడం నా తప్పు.

హంటర్ రోడ్ వాసి
టీచర్ గారూ, మీరు రాసినదాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "నడుము ఎత్తు దాకా టైల్స్."

వంటింట్లో టైల్స్ వేస్తారు, బాత్‌రూంలో వేస్తారు. హాల్లో ఎందుకు వేశారో అడిగారా?

2023 జూలై 27 తెల్లవారుజామున మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. ముందు రోజంతా వాన. పన్నెండింటికి లేచి చూస్తే గల్లీలో మడమ లోతు నీళ్లు. ఇదేముందిలే, ఏటా ఉండేదే అనుకుని పడుకున్నాం. మూడింటికి మా చిన్నోడు "నాన్నా, మంచం తడిసింది" అన్నాడు. వాడే పక్క తడిపాడేమో అనుకున్నాను. కాలు కింద పెడితే మోకాలి దాకా నీళ్లు. నీళ్లు గుమ్మంలోంచి రాలేదు, బాత్‌రూం గుంతలోంచి ఎదురు తన్నాయి. లైట్లు పోయాయి. ఫ్రిజ్ నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగి తేలింది. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, మా అమ్మ మందుల సంచి అన్నీ తేలుతున్నాయి. అమ్మను వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కి పై పోర్షన్ వాళ్లింట్లో కూర్చోబెట్టాను. తెల్లారాక పడవల్లో వచ్చి తీసుకెళ్లారు.

నీళ్లు రెండు రోజుల్లో పోయాయి. బురద కడగడానికి పది రోజులు. గోడకు పడ్డ గీత మాత్రం ఎన్ని రంగులు వేసినా మళ్లీ పైకి వస్తుంది. చెమ్మ గుంజి రంగు పెచ్చులుగా ఊడుతుంది. దానికి మా గల్లీలో అందరూ కనిపెట్టిన మందు ఏమిటో తెలుసా? నడుము ఎత్తు దాకా టైల్స్.

ఆ ఇంటిది కూడా అదే కథ అని నేను అనను. ఒక్కసారి మళ్లీ వెళ్లి ఇవి చూడండి. స్విచ్ బోర్డులు మామూలు ఎత్తులో ఉన్నాయా, చెయ్యెత్తి వేసే ఎత్తులో ఉన్నాయా? కరెంటు మీటరు ఎక్కడుంది? బోరు మోటారు నేల మీద ఉందా, గద్దె కట్టి పైన పెట్టారా? చెక్క తలుపుల అడుగు భాగానికి రేకు కొట్టారా? బీరువా కాళ్ల కింద ఇటుకలు ఉన్నాయా? ఇంటాయన చెప్పకపోయినా ఇల్లు చెబుతుంది.

గజం లెక్క
2023 లాంటి వాన వందేళ్లకోసారి పడుతుంది బ్రదర్. దానికి భయపడితే వరంగల్‌లో ఎవరూ ఇల్లు కొనరు. నాలాలు కూడా వెడల్పు చేస్తున్నారు. నయీంనగర్ బ్రిడ్జి కూలగొట్టి కొత్తది ఎత్తుగా కట్టారు.

హంటర్ రోడ్ వాసి
2020 ఆగస్టులో వచ్చింది. 2023 జూలైలో వచ్చింది. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు మళ్లీ వచ్చింది. మీ వందేళ్లు మరీ పొట్టిగా ఉన్నాయన్నా.

పనులు జరుగుతున్నాయి, కాదనను. బాగుపడితే అందరికంటే ముందు సంతోషించేది నేనే, నా ఇల్లు అక్కడే ఉంది కదా. కానీ అక్కడ ఉన్నవాడు ఓర్చుకోవడం వేరు, తెలిసి తెలిసి కొత్తగా వచ్చి 70 లక్షలు పెట్టడం వేరు. అమ్మేవాళ్లు ధర ఎందుకు తగ్గించారో ముందు తెలుసుకోవాలి.

పాత పట్వారీ
బిడ్డా చాక్‌పీసూ, నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైన వాణ్ణి. వయసు డెబ్బై దాటింది, టైపింగ్ తప్పులుంటే మన్నించు.

మన ఊరిది గొలుసుకట్టు చెరువుల నేల. కాకతీయుల కాలం నుంచి ఒక చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అది నిండితే ఇంకో కింది కుంటకు నీళ్లు పోయేటట్టు కట్టినారు. నడుమ కాలువలు, వాగులు. మనం ఆ కుంటలు పూడ్చి కాలనీలు కట్టుకున్నం, కాలువల మీద స్లాబులు వేసుకున్నం. నీళ్లకు పాత దారి గుర్తుంటది. బొందివాగు పొంగితే హంటర్ రోడ్డు పక్క కాలనీలు, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ ఎందుకు మునుగుతయంటే, ఆ దారి మీద ఉన్నయి కాబట్టి. 2023లో వాన తగ్గినంక రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడ్డది, గుర్తుందా? ఆనాడు ఆకాశంల ఎండ కూడా వచ్చింది. మునగడానికి మన నెత్తి మీదనే వాన పడాలని లేదు.

కాబట్టి ముందు సర్వే నంబరు అడుగు. ఆ నంబరు మీద పాత పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, తీయించు. అందుల "శిఖం" (చెరువు అడుగు భూమి) అని ఎక్కడన్నా కనబడిందా, ఇక మాట్లాడకు, దండం పెట్టి వచ్చేయి. ఊరి నక్షాల వాగు గీత ఎటు పోతుందో చూడు, ఇప్పటి ఫోన్ మ్యాపు పక్కన పెట్టి చూస్తే నీకే తెలుస్తది. 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు కట్టడానికి లేదు. 10 మీటర్ల కంటే వెడల్పున్న వాగు, నాలా ఉంటే 9 మీటర్లు వదలాలె. ఈ ఎఫ్‌టీఎల్ సంగతి నీటిపారుదల శాఖ ఆఫీసుల అడగాలె, బ్రోకర్‌ను కాదు.

కాలనీ పేరు కొత్తగ, ముద్దుగ ఉంటది. పక్కన ముసలోళ్లను ఆ జాగను ఏమని పిలిచేటోళ్లో అడుగు. పేరు చివర కుంట అని వస్తే అర్థం చేసుకో.

లింకు డాక్యుమెంట్
పెద్దాయన చెప్పింది బంగారం. కాగితాల సంగతి నేను క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అడిగింది చుట్టుపక్కల గురించి.

చాలామంది ఫోన్‌లో ప్రభుత్వ భూరికార్డుల సైటు భూభారతి తెరిచి "పేరు రావట్లేదు సార్" అని కంగారు పడతారు. అది వ్యవసాయ భూముల కోసం. ఇంటి స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల జాబితా) తీసుకోవాలి, 1983 నుంచి దొరుకుతుంది. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారిన పాత దస్తావేజులు) కనీసం 30 ఏళ్లు వెనక్కి, ఒక్క లింకు తెగకుండా చూడాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడాలి. మడికొండ ప్లాటుకు "కుడా అప్రూవ్డ్" (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉంది) అన్నారా? నోటి మాట కాదు, లేఅవుట్ నంబరు, ప్లాను కాపీ అడగండి. ఆ ప్లానులో పార్కుగా చూపించిన జాగాలో ఇప్పుడు ఏముందో స్వయంగా చూడండి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ప్లాటు అయితే డబ్బు కట్టిన రసీదు వేరు, క్రమబద్ధీకరించినట్టు ఇచ్చే ప్రొసీడింగ్స్ వేరు. ఫ్లాటుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అందులో ఉండటానికి ఇచ్చే అనుమతి) ఉందా అడగండి. ఎనిమిది ఫ్లాట్లు దాటిన కొత్త ప్రాజెక్టు అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా.

డబ్బు దగ్గర చాలామంది పొరబడతారు. 65 లక్షలకు రాయించుకుంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 4 లక్షల 87 వేల 500. ఇది లోనులో రాదు, చేతిలోంచే. ఆ రేటు ఇంటికి లోను 80 శాతం దాటి ఇవ్వరు. మీ 70లో ఇవన్నీ పోగా ఇంటికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి.

బదిలీ కౌన్సెలింగ్
నేనూ టీచర్‌నే. అక్కా, ఒక స్కూల్లో ఎనిమిదేళ్లు నిండితే మనకు బదిలీ తప్పదు. మీరు పరకాలలో చేరి ఎన్నేళ్లయింది? రేపు స్పౌజ్ పాయింట్లతో (భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇచ్చేవి) కాజీపేట దగ్గరికే వచ్చేయొచ్చు, లేదా ఇంకో దిక్కుకు పోవచ్చు. సారుకూ డ్యూటీలు మారతాయి. పాప బడి, అత్తమ్మ ఆస్పత్రి మాత్రం మారవు. ఇంట్లో ఎవరు ఎక్కువ గంటలు ఉంటారో వాళ్ల కాళ్లతో కొలవండి. నేను నా బడికి దగ్గరని ఊరి బయట కొన్నాను. రెండేళ్లకే బదిలీ అయింది. ఇప్పుడు మా అమ్మకు బీపీ గోలీ కావాలన్నా ఆటో మాట్లాడాలి.

మూడో అంతస్తు
ఇంతమంది నీళ్ల గురించి, రోడ్ల గురించి చెప్పారు. మనుషుల గురించి కూడా ఒక మాట.

నేను హన్మకొండలోనే పుట్టి పెరిగాను. ఇల్లు కొనడానికి వెళ్తే చాలాచోట్ల ముందు అడిగింది బడ్జెట్ కాదు, ఇంటి పేరు. పేరు చెప్పాక "ఓనర్ మనసు మార్చుకున్నారమ్మా" అన్నారు. ఒక అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్ వాళ్లు మేం కూర ఏం వండుకుంటామో అడిగారు. బ్రోకర్ మాత్రం "మంచి వాళ్లుండే ఏరియా మేడమ్" అని చెప్పుకుంటూ తిరిగాడు. ఆ మంచి వాళ్లలో మేం లేమని తెలియడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

చివరికి ఎలా కుదిరిందంటే, మేం చూసిన బిల్డింగ్‌లో మెట్లు ఊడుస్తున్న ఆమెను అడిగాను, ఇక్కడ ఎవరెవరు ఉంటారు, గొడవలేమైనా ఉన్నాయా అని. చీపురు పక్కన పెట్టి పది నిమిషాలు చెప్పింది. ఏ ఫ్లాటు వాళ్లు మెయింటెనెన్స్ కట్టరు, నీళ్ల ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుంది, సెల్లార్‌లో పార్కింగ్ కోసం ఎవరు కొట్టుకున్నారు, అన్నీ. "నువ్వు రా తల్లీ, ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు" అంది. అక్కడే కొన్నాం. నాలుగేళ్లయింది. నిజంగానే ఎవరూ ఏమీ అడగలేదు.

మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా ఎవరినీ రానివ్వని చోట మీ పిల్లలు పెరగాలా అన్నది కూడా ఆలోచించుకోవాల్సిందే అని నా అభిప్రాయం.

చాక్‌పీసు
అందరికీ చాలా థ్యాంక్స్. రెండు ఆదివారాలు తిరిగొచ్చాం, చెబుతాను.

హంటర్ రోడ్డు ఇంటికి ఈసారి బ్రోకర్‌కు చెప్పకుండా వెళ్లాం. మోటారు మూడడుగుల గద్దె మీద ఉంది. మొదటిసారి చూసినప్పుడు అదేదో పూలకుండీలు పెట్టే అరుగు అనుకున్నాను. స్విచ్ బోర్డులు చెయ్యెత్తి వేసే ఎత్తులో ఉన్నాయి. వంటింటి అలమరా కింది అర తలుపు తీస్తే బందులు తుప్పు పట్టి కిర్రుమన్నాయి, పై అర బందులు మెరుస్తున్నాయి. కిరాణం ఆమెను అడిగాను. ఆమె ఏమీ మాట్లాడకుండా తన షాపు గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. నా నడుము కంటే పైనే. అత్తమ్మ ఆటోలో వచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "తులసికోట ఎక్కడైనా కట్టుకోవచ్చు" అంది.

మడికొండకు సాయంత్రం వెళ్లాం. ఆ రోజు గాలి అటు లేదు, వాసన రాలేదు. లేఅవుట్ ప్లాను అడిగితే వాట్సాప్‌లో పంపుతామన్నారు, ఇంతవరకు రాలేదు. పైగా కట్టాలంటే ఏడాది పడుతుంది, షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ మా ఆయన మేస్త్రీ వెంట తిరగలేరు.

భీమారం ఫ్లాటు మాత్రం బాగుంది. కాగితాలు కూడా చూపించారు. కానీ రాత్రి తొమ్మిదింటికి వెళ్తే వెనకాలే ఫంక్షన్ హాల్, బరాత్, డీజే. కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే "ముహూర్తాలప్పుడే మేడమ్" అన్నాడు. పొద్దున పెళ్లిళ్లకు బ్యాండు కూడా ఉంటుందట. మా ఆయన నైట్ డ్యూటీ చేసి పగలే కదా నిద్రపోయేది!

ఇప్పుడు మూడూ పోయాయి. మళ్లీ మొదటికొచ్చాం.

అద్దె కొంప
మొదటికి రాలేదు, ఎటు వెళ్లొద్దో తెలిసింది కదా. నా సలహా మీకు నచ్చకపోవచ్చు. నచ్చిన కాలనీలో ముందు ఒక ఏడాది అద్దెకు దిగండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఒక వానాకాలం చూసినట్టవుతుంది. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నిసార్లు పేలుతుంది, గల్లీలో రాత్రి కుక్కలెన్ని, అన్నీ తెలుస్తాయి. అమ్మకానికి వచ్చే ఇళ్లు కూడా బోర్డు పెట్టకముందే మీ చెవిన పడతాయి. మేం అలాగే కొన్నాం, పక్కింటాయన దగ్గర, మధ్యలో బ్రోకర్ లేకుండా.

గజం లెక్క
ఏడాది అద్దె కట్టి, ఆ ఏడాదిలో రేటు పెరిగితే రెండు విధాలా నష్టం. ఇది కూడా చెప్పాలి కదా.

అద్దె కొంప
నిజమే, పెరగొచ్చు. క్వార్టర్ వదిలితే అద్దె భారం కూడా ఉంటుంది. కానీ అన్నా, మీరు కొనేది అమ్మడానికి, వాళ్లు కొనేది ఉండటానికి. తప్పు ప్లాటు కొంటే మీరు ఇంకొకరికి అంటగడతారు. వాళ్లు అందులోనే పడుకోవాలి.

గజం లెక్క
అంటగడతారు అనే మాట కొంచెం ఎక్కువైంది. సరే, ఒప్పుకుంటున్నాను, ఉండటానికైతే నేనూ మడికొండ చివర ఉండను. నా ఇల్లు బాలసముద్రంలో ఉంది.

ములుగు రోడ్డు బస్సు
ఇది మొదటి పోస్టులోనే చెబితే బాగుండేది గదన్నా 😄

చాక్‌పీసు
చివరి అప్‌డేట్. సుబేదారి వైపు ఒక గల్లీలో కింది పోర్షన్ అద్దెకు దొరికింది. పాప బడికి నడిచే దూరం, మందుల షాపు మలుపులోనే. మా ఆయనకు షెడ్డు దగ్గర, నాకు పరకాల బస్సుకు ఒక ఆటో. మోటారు నేల మీదే ఉంది, స్విచ్ బోర్డులు అందరి ఇళ్లలో లాగే ఉన్నాయి. పాలబ్బాయిని కూడా అడిగాను, ఇరవై ఏళ్లుగా ఆ గల్లీకి పోస్తున్నాడట, వానలకు ఎప్పుడూ పాలు ఆపలేదన్నాడు. బ్రోకర్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. ఆ "ఇంకో పార్టీ" గురించి అడిగితే, వాళ్లూ వద్దన్నారట.

వచ్చే నెల ఒకటిన దిగుతున్నాం. ఇంకేమైనా చూసుకోవాలా?

మూడో అంతస్తు
సుబేదారి అంటున్నారు కాబట్టి, కోతులు. కిటికీలకు, వంటింటి తలుపుకు జాలీ కొట్టించాకే సామాను దించండి. మా ఇంట్లో గృహప్రవేశం నాటి లడ్డూల గిన్నె ఎత్తుకుపోయి ఎదురు డాబా మీద కూర్చుని తిన్నాయి, గిన్నె మాత్రం ఇవ్వలేదు.